ఆకలిని దాచుకోవద్దన్న సరోజక్క

మొన్న అనంతపురంలో ఒక స్నేహితురాలి ఇంట్లో దిగాను. తెల్లవారుతూ ఉండగా, ఇంకా దుప్పటి తీయకముందే, వంటింట్లోంచి శెనక్కాయలు వేయిస్తున్న వాసన వచ్చింది. పొట్టు కొంచెం మాడి, కమ్మగా, కాస్త చేదుగా ఉండే వాసన. ఇక పక్క మీద ఉండబుద్ధి కాలేదు. ముఖం కడుక్కుని నేరుగా వంటింట్లోకి పోయి పీట వాల్చుకుని కూర్చున్నాను. వేడివేడిగా గుప్పెడు చేతిలో పోసి, చుట్టంలా కుదురుగా ఉండవు కదా అని నవ్వింది ఆమె. ఒకరి ఇంట్లో ఇలా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. నేర్పింది సరోజక్క.

బళ్ళారిలో గనుల జోరు సాగుతున్న రోజులవి. పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టే ఒక చిన్న సంస్థలో నేను కొత్తగా చేరాను. సరోజక్క మా పైఅధికారి. బళ్ళారి దగ్గర మోక అనే ఊళ్ళో పొలాలున్న కుటుంబం వాళ్ళది. మొదటిరోజు నేను మేడం అంటే, అక్కా అని పిలవమంది. శిబిరం ఉన్న ఊరికి మేం ముందురోజే వెళ్ళాలి. సండూరు, హొసపేట వైపు లాడ్జీలన్నీ గనులవాళ్ళతో నిండిపోయి ఉండేవి. సాయంత్రం తిరుగు బస్సు ఎక్కితే ఖనిజం లారీల వరుసలో ఎక్కడ ఇరుక్కుంటామో తెలియదు. అందుకని సరోజక్క స్నేహితుల ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఆమెకు స్నేహితులు లేని ఊరంటూ నాకు కనబడలేదు.

ఆమెకు అది పండగ. నాకు మాత్రం నరకం. కౌల్ బజార్ వెనక సందులో పెరిగినదాన్ని నేను. నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. మా చర్చివాళ్ళ ఇళ్ళకు వెళ్ళినా, బంధువుల ఇళ్ళకు వెళ్ళినా, వాళ్ళు అడగకముందే తినొచ్చామని చెప్పాలని అమ్మ నేర్పింది. తిండి కోసం వచ్చారని ఎవరూ అనుకోకూడదు. పెద్దయ్యాక ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఎవరు ఊట అయిందా అని కన్నడంలో అడిగినా, తిన్నావా అని తెలుగులో అడిగినా, అయిందనే చెప్పేదాన్ని. బలవంతం చేస్తే నాలుగు మెతుకులు కెలికి లేచేదాన్ని.

ఒకరోజు సండూరు దారిలో బస్సు కోసం నిలబడి ఉన్నాం. లారీలు లేపిన ఎర్రదుమ్ముకు ఎదుటి మనిషి కనబడడం లేదు. నాకు కళ్ళు తిరిగాయి. తెలివి వచ్చేసరికి సరోజక్క ఒడిలో తల ఉంది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి ఆమె సంచిలో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. అది నా నోట్లో పెట్టింది. పొద్దున ఏం తిన్నావని అడిగితే ఏమీ లేదని చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు.

"వాళ్ళ ఇంట్లో పండుకుంటావు, వాళ్ళ నీళ్ళు పోసుకుంటావు. అన్నం కాడికి వచ్చేతలికి పరాయిదానివి అయితావు. పెట్టేవాళ్ళకు ఎట్లుంటాది చెప్పు గ్రేసూ?" అంది.

ఆ తర్వాత నన్ను పక్కనే కూర్చోబెట్టుకునేది. ఆమె ఎలా తింటుందో అప్పుడు చూశాను. వెళ్ళేముందు మార్కెట్లో ఆకుకూరలు కొనేది. ఇల్లు చేరగానే వంటింట్లో కూర్చుని తానే ఒలిచేది. తనకు ఏది పడుతుందో, ఏది పడదో మొహమాటం లేకుండా చెప్పేది. పొద్దుటి పప్పు మిగిలి ఉంటే అదే అడిగి పెట్టించుకునేది. మా కోసం కోడిని కోస్తామంటే ఒప్పుకునేది కాదు. రోడ్డు పక్క ధాబాల్లో తిని కడుపు పాడుచేసుకునే మా తోటి ఉద్యోగులంతా ఆమెను అదృష్టవంతురాలు అనేవాళ్ళు.

ఒకసారి హచ్చొళ్ళి వెళ్ళాం. అక్కడ సరోజక్కతో చదువుకున్న లక్ష్మీదేవి ఉండేది. ఊరి చుట్టూ కాలువ నీళ్ళ మీద పచ్చటి వరి. ఆమె భర్త గనుల ఆశతో సొంతంగా లారీ కొని, తానే తోలుతూ, అంతకు కొన్ని నెలల ముందే రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి ఆమె పొయ్యి వెలిగించలేదట. పక్కింటి నుంచి తోడికోడలు పంపే గిన్నె చాలాసార్లు మూత తీయకుండానే వెనక్కి పోయేదట. మాకూ అక్కడినుంచే భోజనం తెప్పిస్తానంది. సరోజక్క వద్దంది.

"నాకు అన్నం పడదు లక్ష్మీ. ఆకలైతాండాది. రెండు జొన్నరొట్టెలు చేసి పెట్టు."

నాకు సిగ్గుతో తల వంగిపోయింది. ఇంత దుఃఖంలో ఉన్న మనిషిని అలా ఎలా అడుగుతుందని కోపం కూడా వచ్చింది. లక్ష్మీదేవి లేచి పిండి డబ్బా వెతికింది. పిండి పురుగు పట్టి ఉంటే పక్కింటి నుంచి తెచ్చింది. మొదటి రొట్టె చేతిలోనే విరిగిపోయింది. రెండోది పెనం మీద అంచు మాడింది. దాన్ని తీయకుండా అలాగే చూస్తూ, "మా ఆయప్పకు ఇట్ల మాడితేనే ఇష్టం," అంది. అని ఏడ్చింది. సరోజక్క ఓదార్చలేదు. పొయ్యి పక్కన కూర్చుని పుంటికూర ఒలుస్తూనే ఉంది. రొట్టెలయ్యాక ముగ్గురికీ పళ్ళేలు పెట్టింది.

"నువ్వు తినకుంటే నాకు దిగదు," అంది స్నేహితురాలితో.

లక్ష్మీదేవి తింది. మాడిన రొట్టె తన పళ్ళెంలోనే వేసుకుని తింది. నేను మూడో రొట్టె అడిగాను. నా బతుకులో ఒకరి ఇంట్లో అడిగి పెట్టించుకోవడం అదే మొదలు.

మరునాడు బస్సులో, లక్ష్మీదేవిని అలా శ్రమ పెట్టాలని ఎందుకనిపించిందని అడిగాను. సరోజక్క కిటికీలోంచి పొలాలు చూస్తూ చెప్పింది.

"ధైర్యం చెప్పేటోళ్ళు శానామంది వచ్చిపోయినారు. ఆకలైతాండాది, పెట్టు అన్నోళ్ళు ఒగరూ లేరు."

కొన్నేళ్ళకు గనుల జోరు తగ్గింది. మా సంస్థా మూతపడింది. సరోజక్కకు మూత్రపిండాలు దెబ్బతిని మోకలో తమ్ముడి ఇంట్లో ఉందని తెలిసి చూడబోయాను. మంచం మీద సగమైపోయి ఉంది. అన్నీ పథ్యమే. ఆమె ముందు తినడానికి మనసొప్పలేదు. తమ్ముడి భార్య వచ్చి తిన్నావా అని అడగగానే పాత మాట నాలుక చివరికి వచ్చింది. సరోజక్క నావైపే చూస్తోంది.

"లేదు వదినా, ఆకలిగా ఉండాది," అన్నాను.

మంచం పక్కనే కూర్చుని రాగిముద్ద, పప్పు తిన్నాను. తిన్నంతసేపూ ఆమె నన్ను చూస్తూనే ఉంది. చివర్లో, మజ్జిగ ఇంకొంచెం పోయించుకోమంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే. ఆ వానాకాలంలో పోయింది.

మనిషి పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు నాకు ఇప్పటికీ మాటలు దొరకవు. కొంచెం టీ కావాలని అడుగుతాను. పక్కనున్నవాళ్ళు నన్ను వింతగా చూస్తారు. ఆ ఇంటి మనిషి మాత్రం కళ్ళు తుడుచుకుని, చక్కెర ఎంత వేయమంటావని అడుగుతుంది.