కళ్లం గాలికి నడిచిన ఓడలు

మా ఇంట్లో యుద్ధాలన్నీ ఆదివారం చర్చినుంచి వచ్చాకే జరిగేవి. మా ఆయన పంచె మార్చుకుని, నాపరాళ్ల నేల మీద సుద్దముక్కతో తీరం గీసి, నా డబ్బాలోంచి చింతగింజలు తీసి ఓడలు పేర్చేవాడు. నల్లవి మనవాళ్లవి, అరగదీసి తెల్లగా చేసినవి శత్రువులవి. చీపురు పట్టుకుని ఆ గదిలోకి పోవడానికి నాకు వీల్లేదు. ఒకసారి అలవాటు కొద్దీ ఊడ్చేస్తే రెండు వైపుల నౌకాబలం చెత్తలో కలిసిపోయింది. ఆ పూట ఆయన అన్నం మానేశాడు. నేను మాత్రం తిన్నాను.

ఇది యాభైల చివర్లో మాట. నరసరావుపేట హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే ఆయన, మిగిలిన పొద్దంతా పాతకాలపు తెలుగు ఓడల మీద నవలలు రాసేవాడు. తాగే నీళ్లకే బావి దగ్గర వంతులుండే ఊళ్లో కూర్చుని సముద్రం గురించి రాయడమేమిటని అందరూ వేళాకోళమాడేవాళ్లు. నేనూ ఆడేదాన్ని గానీ ఇంట్లోనే. బయటివాళ్లు అంటే ఊరుకునేదాన్ని కాదు. ఎందుకంటే ఆయన పడే కష్టం నాకు తెలుసు. ఓడ తాడుకు ముడి ఎట్లా వేస్తారో తెలియకపోతే ఆ వాక్యం దగ్గరే ఆగిపోయేవాడు. గుంటూరు వెళ్లి, పుస్తకాలు తిరగేసి, తెలుసుకుని వచ్చాకే తర్వాతి వాక్యం.

పుస్తకాల్లో దొరకంది గాలి ఒక్కటే. దానికోసం శావల్యాపురం దగ్గర మా మామగారి కళ్లానికి పోయేవాడు. తూర్పారబట్టే కూలీల పక్కన నిలబడి తనూ చాటెత్తి జొన్నలు పోసేవాడు. గింజలు కాళ్ల దగ్గర పడేవి, పొట్టు గాలివాటున పోయేది. గాలి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడిపోతుందో అక్కడ చూసుకుని వచ్చి అదే గాలిని ఓడలకు పెట్టేవాడు.

ఆ నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. శత్రువుల ఓడలు రేవును చుట్టుముడతాయి. మిట్టమధ్యాహ్నం మన నావికుడు తెరచాపలన్నీ విప్పించి, పడమటి గాలి వెనకనుంచి తోలుతుంటే సముద్రంలోకి దూసుకుపోయి శత్రువుల వరసను చీల్చేస్తాడు. ఆ వారం పేటలో అదే కబురు. ఊరు ఊరంతా తానే ఓడెక్కినట్టు మాట్లాడింది. బెజవాడనుంచి ఒక ప్రచురణకర్త పుస్తకంగా వేస్తానని రాశాడు. మా ఆయనకదే మొదటి పుస్తకం. అట్ట మీద తన పేరు చూసుకోవాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాడు.

నేను పుట్టింది నిజాంపట్నం వైపు, సముద్రపొడ్డు ఊళ్లో. మా నాన్న ఉప్పు కొఠార్లలో గుమాస్తా. పత్రిక చదివి నాకు నవ్వాగలేదు. మధ్యాహ్నం పూట ఓడ బయటికెట్లా పోయిందండీ అని అడిగాను.

"పడమటి గాలికి. మజ్జాన్నం పడమటి గాలి కాక ఇంకేం గాలి తోలుద్ది?" అన్నాడు.

"అది మీ కళ్లంలో. మా ఊళ్లో మజ్జాన్నం గాలి సముద్రం మీంచి ఒడ్డుకొస్తది. మీ ఓడలన్నీ వెనక్కొచ్చి ఇసకలో కూర్చుంటయ్."

ఆయన మొహం వాడిపోయింది. వేసవి సెలవులివ్వగానే, మీ ఊరు పోదాం పద అన్నాడు. సంచిలో బట్టలతో పాటు చాట, ఒక మూట పొట్టు పెట్టుకున్నాడు.

తెల్లవారకముందే ఒడ్డుకు పోయి చాటెత్తి పొట్టు పోశాడు. అది నెమ్మదిగా నీళ్ల మీదికి పోయింది. పడవలు కూడా అప్పుడే అటే పోతున్నాయి. మధ్యాహ్నం మళ్లీ పోశాడు. ఈసారి పొట్టంతా ఎగిరొచ్చి ఆయన తలలో, కళ్లద్దాల మీద, నోట్లో పడింది. పొద్దున పోయిన పడవలు తెరచాపలు నింపుకుని ఇంటికొస్తున్నాయి. ఒడ్డున కొఠార్ల వాళ్లంతా గుమాస్తా గారల్లుడికి ఏమైందోనని గుమికూడారు. మా నాన్న సిగ్గుపడి ఇంట్లోకి పోయాడు. ఆయన మాత్రం పొట్టు దులుపుకోకుండా అట్లాగే నిలబడి చూశాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.

తిరిగొచ్చాక ప్రచురణకర్తకు, ఆ యుద్ధం తిరగరాస్తాను, ఆగమని రాశాడు. జనం మెచ్చిందే ఆ మధ్యాహ్నం ఘట్టం, అది తీసేస్తే పుస్తకం వెయ్యనని జవాబొచ్చింది. స్కూల్లో తోటి మేష్టర్లు కూడా నచ్చజెప్పారు. ఈ పల్నాట్లో ఎవరు పోయి చూసొచ్చారు, మంచి అవకాశం చెడగొట్టుకోవద్దన్నారు. నాకే భయమేసింది. నోరు మూసుకోలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఉన్నదున్నట్టు వేయించండి, ఎవరికీ తెలియదు అన్నాను.

"నీకు తెలుసుగా," అన్నాడు.

ఆ పుస్తకం రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది, వేరే ఊళ్లో, వేరే ఆయన వేశాడు. అందులో ఓడలు వేగుచుక్క పొడిచాక చప్పుడు లేకుండా బయల్దేరతాయి. పాతదే బాగుందని పేటలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం బెజవాడనుంచి ఆ జవాబొచ్చిన రోజు సాయంత్రమే. ఆయన నేల మీద మళ్లీ తీరం గీసి చింతగింజలు పేర్చాడు. నేను చీపురుతో గడప ఇవతలే ఆగాను.

"లోపలికి రా. ఇంకా ఏమేం తప్పులున్నయ్యో చెప్పు," అని పక్కన చోటు చూపించాడు.

కాపురానికి వచ్చింది మొదలు అత్తింటివైపు ఎవరూ నన్ను మా ఊరి సంగతి అడగలేదు. ఉప్పునీళ్ల పిల్ల అని నవ్వినవాళ్లే అంతా. చీపురు గోడకు ఆనించి ఆయన పక్కన కూర్చున్నాను. తుఫాను ముందు నీళ్ల రంగు ఎట్లా మారుతుందో మొదలుపెట్టి, పడవలు రాని రోజున ఆడవాళ్లు ఒడ్డున ఎట్లా నిలబడతారో చెప్పుకుంటూ పోయాను. ఆయన కలం పట్టుకుని వింటున్నాడు. పొయ్యి మీద జొన్నన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరికీ తెలిసింది గానీ ఇద్దరం లేవలేదు.