నలభై తొమ్మిదికి రాజీ

విద్యార్థులు క్లాసులో నిద్రపోతే తప్పు పాఠానిది కాదట, బెంచీలదట. వరుసలో కూర్చుంటే నిద్ర వస్తుంది, గుంపుగా కూర్చుంటే జ్ఞానం వస్తుంది. లెక్చరర్ల శిక్షణలో నేను నేర్చుకున్నది ఇదే. ఏసీ హాల్లో చెప్పారు కాబట్టి నిజమే అనిపించింది.

కళ్యాణదుర్గం వైపు ఒక డిగ్రీ కాలేజీలో నేను లెక్కలు చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. గెస్ట్ అన్నారు కదా అని ఎవరూ మర్యాదలు చెయ్యరు. ప్రతి వేసవిలో నా ఉద్యోగం ఊడుతుంది, ఎవరైనా దయతలిస్తే మళ్ళీ తగులుకుంటుంది. ఈసారి తగులుకోవాలంటే, తనిఖీకి వచ్చే ఇద్దరు పెద్దలు నా క్లాసులో గ్రూప్ వర్క్ చూసి మెచ్చుకోవాలి. ప్రిన్సిపాల్ ఆ మాట దాచుకోలేదు.

"పిల్లోళ్లు గుంపులుగా కూచోని మాట్లాడతాండాల, అంతే. ఏం మాట్లాడినా పర్వాలేదప్పా."

గుండ్రంగా కూర్చోబెట్టమని శిక్షణలో చెప్పారు. మా బెంచీలను ఎవరూ ఎత్తుకుపోకుండా సిమెంటు పోసి నేలకు బిగించారు. అందుకని ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి, మెడలు పట్టేసేదాకా చర్చించాల్సి వచ్చింది. చురుకైనవాళ్ళనీ మందకొడివాళ్ళనీ కలిపి ఎంతో ఆలోచించి గుంపులు చేశాను. బోర్డు మీద ప్రశ్న రాసి ఇటు తిరిగేలోపు ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళ పక్కకు చేరిపోయారు. అడగకుండానే ప్రతి గుంపుకూ ఒక పెద్దమనిషి మొలిచాడు.

తనిఖీ రోజు ప్రశ్న తేలికైనదే ఇచ్చాను. ఒక బస్సు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో అనంతపురం పోయి, అదే దారిలో అరవై వేగంతో తిరిగి వచ్చింది. మొత్తం ప్రయాణంలో సగటు వేగమెంత? మా రోడ్డు మీద అరవై వేగమేమిటని ఎవరూ అడగలేదు, అదే పదివేలు.

ముందు గుంపు జవాబు నలభై తొమ్మిది. నేను బిత్తరపోయాను. యాభై అని పొరబడేవాళ్ళను చాలామందిని చూశాను కానీ, నలభై తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ గుంపు పెద్దమనిషి లేచి వివరించాడు. "మా సర్పంచి కొడుకు యాభై అన్న్యాడు సార్. ఆయమ్మి నలభై ఎనిమిది అనింది. ఇద్దరి మాటా పోకూడదని మధ్యలో తెంచినాం."

వెనక కూర్చున్న తనిఖీ పెద్దాయన పొంగిపోయాడు. "భలే! ఏకాభిప్రాయమంటే ఇదీ! కాకపోతే సరైన జవాబు యాభై, అంతేగా మాస్టారూ?"

నా ఉద్యోగం ఆయన పెన్ను మొనలో ఉంది. ఆయన పక్కనే కూర్చున్న ప్రిన్సిపాల్ నా వైపు చూసి అవునన్నట్టు తానే తల ఊపేశాడు. నేను నలభై ఎనిమిది అన్న అమ్మాయి వైపు చూశాను. వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. క్లాసులో అంత పొందికగా లెక్క చేసే మనిషి ఇంకొకరు లేరు.

"నీ జవాబు నీకు తెలుసు కదమ్మా, ఎందుకు వదులుకున్నావు?"

"సాయంత్రం అందరమూ ఒకే ఆటోలో పోవల్ల గదా సార్," అని కూర్చుంది.

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క చేశాను. మెల్లగా పోయినప్పుడు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి సగటు అటువైపే మొగ్గుతుంది, జవాబు నలభై ఎనిమిది, ఈ అమ్మాయి చెప్పిందే రైటు అన్నాను. పెద్దాయన ఫోను తీసి అందులో ఏదో ముఖ్యమైనది వెతుక్కున్నాడు. సర్పంచి కొడుకు మాత్రం ఆ లెక్క రాసుకున్నాడు, పాపం.

వాళ్ళ కారు వెళ్ళిపోయాక ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆ పెద్దాయన నువ్వు వద్దే వద్దన్న్యాడప్పా. రెండో ఆయన సంవత్సరమంతా ఉండనీ అన్న్యాడు. ఇద్దరూ పెద్దోళ్లే, ఎవరి మాట తీసేసేది? నేనే నడుమ పడి ఆరు నెలలకి ఒప్పించినా."

ఒళ్ళు మండిపోయింది. నా పని బాగుందా లేదా, ఆ ఒక్క మాట తేల్చండని ఆ టేబుల్ గుద్ది అడగాలనిపించింది.

"చాలా థాంక్స్ సార్," అన్నాను.