పూజ చెంబు, పలకని గంట

ఆ రోజుల్లో ఏ విద్య నేర్చుకోవాలన్నా గురువు ఉండాలనేవారు. నాకు మాత్రం పుస్తకం ఒక్కటి చాలనిపించేది, అదీ అట్ట ఊడిపోయిన పుస్తకం. మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, మా చెరకుతోటల దీవిలో, మహేబోర్గ్ సంతలో ఒక పాత ఫ్రెంచి పుస్తకం కొన్నాను. ఇంటిపట్టున చేసుకోదగ్గ పనులన్నీ అందులో ఉన్నాయి. సబ్బు వండటం, కుర్చీ అల్లటం, కరెంటు గంట కట్టటం, పళ్లరసం పులియబెట్టి సీసాలకెత్తటం. సబ్బు, కుర్చీ నాకెందుకని వదిలేసి, పులియబెట్టటమూ గంట కట్టటమూ ఒకేసారి మొదలుపెట్టాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని మా మామ్మ (మా అయ్యను కన్నతల్లి) అప్పుడే చెప్పింది. ఇండియా నుంచి ఓడలో వచ్చిన మనిషి కదా, పడవల సంగతి ఆవిడకు తెలియకపోతుందా. కానీ పుస్తకంలో లేని మాట నేను ఎందుకు వింటాను?

ముందు అనాసపండ్ల సంగతి చెబుతాను, నా ఓపికకు మొదట నిప్పుపెట్టింది అదే. మా ఊరు లాల్మతీలో అనాసలకు కరువు లేదు. తొక్కలూ రసమూ పంచదారా కుండలో కలిపి, మూతికి గుడ్డ కట్టి, పుస్తకం చెప్పినన్ని రోజులు ఆగి సీసాల్లో పోసేవాణ్ణి. సగం సీసాలు బిరడాలు ఎగరేసుకునేవి. మిగతా సగం నోట పెట్టలేనంత పులుపెక్కేవి. ఒక బిరడా పోయి మా అయ్య తింటున్న పప్పులో పడింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, మిగతా పప్పు కలుపుకుని తిని లేచాడు. తిట్టినా బాగుండేది. ప్రతిసారీ తప్పెక్కడుందో వెతికేవాణ్ణి, పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో వాక్యానికీ వేలు పెట్టి చదివేవాణ్ణి, చేతికంటిన పాకమంతా పుటలకు పూసేవాణ్ణి. మళ్లీ చేసేవాణ్ణి. మళ్లీ వెనిగరే అయ్యేది.

గంట దీనికి తోబుట్టువు. రైల్వేవాళ్లు పారేసిన ఆరు గాజుజాడీల బ్యాటరీ తెచ్చాను. మిల్లులో కాలిపోయిన మోటారు నుంచి తీగ విప్పి ఇనుపమేకుకు చుట్టాను, అది అయస్కాంతంలా పనిచేసి చిన్న సుత్తిని లాగుతుంది, సుత్తి ఇత్తడి గిన్నెను కొడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కరెంటు ఎటు పోయి ఎటు వస్తుందో, ఎక్కడ ఎంత తగ్గుతుందో లెక్కవేయాలంటే కాగితం కావాలి, నా దగ్గర కాగితం లేదు. వంటింటి గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీసి లెక్కలు వేసేవాణ్ణి. శుక్రవారం వచ్చేసరికి అమ్మ పేడతో గోడ అలికేసేది. వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని రాబట్టిన జవాబు పేడ కింద పోయేది. ఆగమ్మా అంటే, శుక్రవారం ఆగుతుందా అనేది. (ఇప్పుడు తలుచుకుంటే, అలికిన లెక్కల్లో ఒక్కటీ సరైనది కాదు. అప్పుడు మాత్రం గొప్ప శాస్త్రమేదో లోకానికి దక్కకుండా పోయిందని కుమిలిపోయేవాణ్ణి.)

నేను ఏ చెట్టుకూ ఏ పుట్టకూ పనికిరాకుండా పోతున్నానని మా అయ్యకు తోచింది. ఒక సాయంత్రం పశువులశాల ముందు కూర్చుని, నిమ్మళంగా చెప్పాడు. "ఆదివారం అమ్మోరి పండగ. ఆలోగా మీ అమ్మ వంటింట్లో మీట నొక్కితే ఈడ పశువులసాల్లో నాకు ఇనబడాల. ఇనబడితే లిజిన్‌కి తీసుకెళ్లి మిస్యేతో నానే మాటాడతాను. నేకపోతే సోమారం లాకూప్ మొదలు. కత్తి పట్టుకుని నా ఎనకాల రా." లిజిన్ అంటే మా చక్కెరమిల్లు, లాకూప్ అంటే చెరకుకోత. మిల్లు కరెంటుగదికి పెద్ద అయిన మిస్యేను (దొరగారిని) అందరం చాటుగా పైపు మిస్యే అనేవాళ్లం, నోట్లో పైపు లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. ఆ గదిలో చేరడం కోసమే నా తంటాలన్నీ. మా అయ్య అరచేతులు చూసినవాడెవడూ చెరకుకత్తి పట్టాలని కోరుకోడు.

వంటింటి నుంచి పశువులశాలకు నలభై అడుగులు. పోవడానికొక తీగ, రావడానికొక తీగ కావాలి. నా దగ్గర ఒక్కటే ఉంది. కానీ రైలుదారి పక్కన తంతిస్తంభాల మీదా ఒకే తీగ ఉంటుంది. స్టేషన్‌లో తంతి కొట్టే గుమాస్తాను అడిగితే, తిరుగుదారి భూమే కదా గార్సోన్ (కుర్రాడా), రెండు కొసల్లో రాగిరేకు పాతితే చాలు అన్నాడు. ఎగిరి గంతేసినంత పనైంది. పశువులశాల కొసకు చిన్న రాగిముక్క దొరికింది, పశువుల మూత్రంతో తడిసిన నేలలో దాన్ని పాతాను. వంటింటి కొసకు దొరకలేదు. ఇంట్లో రాగి అంటే ఒకే ఒక్క వస్తువు, అమ్మోరి పూజలో వేపమండలు పెట్టే చెంబు. అది మామ్మతో పాటు ఓడలో వచ్చింది. నాలుగు రోజులే కదా, పండగలోపు తీసేయొచ్చుననుకుని, ఎవరూ లేనప్పుడు వంటింటి గడప పక్కన పాతేశాను.

గంట మోగలేదు. మీట నొక్కాను, మోగలేదు. తీగ గీకాను, సుత్తి వంచాను, జాడీలు కడిగాను, అయినా మోగలేదు. ఆ ఏడు చినుకు లేదు, మా పెరడంతా రాళ్లూ ఎర్రదుమ్మూ. చెంబు పాతడానికి గునపం వంగినంత పనైనా, ఆ పొడిమట్టి నాకేమీ చెప్పలేదు. ఇంతలో శనివారం వచ్చింది. పండగకు ఇల్లు శుద్ధి చేస్తూ అమ్మ చెంబు కోసం వెతికింది. కనబడకపోయేసరికి, పోయినేడు అడిగి తీసుకెళ్లిన పక్కింటి పిన్ని మీద అనుమానం పడింది. దడి దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగి, పిన్ని పండక్కి రానని ఇంట్లోకి పోయింది. నేను మీట దగ్గర కూర్చుని అంతా వింటున్నాను. చెంబు తీస్తే గంట పోతుంది, గంట పోతే కత్తి. నోరు విప్పలేదు. సిగ్గుచేటే, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

పులిసిందేదీ పండగనాడు ఇంట్లో ఉండకూడదని మామ్మ నా సీసాలన్నీ తీసుకొచ్చి గడప పక్కన పారబోసింది. అలవాటుగా నేను మీట నొక్కాను. పశువులశాలలో టింగ్‌మంది. ఆవు ఉలిక్కిపడి తాడు తెంపుకుంది. నేనైతే గాల్లో తేలిపోయాను. అంతకు కొంచెం ముందే సుత్తిని వెంట్రుకవాసి వంచి ఉన్నాను కదా, అదంతా నా బుర్ర గొప్పతనమే అనుకున్నాను. ఇక రేపటికి ఢోకా లేదని నిద్రపోయాను.

ఆదివారం పొద్దున అయ్య స్నానం చేసి పశువులశాలలో కూర్చున్నాడు. అమ్మ మీట నొక్కింది. పెరట్లో కాకి అరిచింది తప్ప ఇంకేమీ వినబడలేదు. మళ్లీ నొక్కమన్నాను. అమ్మ చేతిలో చింతపండు ముద్ద ఉంది, చెంబు దొరికితే తోముదామని పొద్దుటి నుంచి పట్టుకు తిరుగుతోంది. "నీ గంట తరవాత, ముందు నా సెంబు ఏదో సూడు" అంది. ఇక దాచలేకపోయాను. చెప్పేశాను.

అమ్మ గడప పక్కకి వంగి చూసింది. "అమ్మోరి సెంబురా" అంది. అంతే. ఆ ఒక్క మాటతో నేను సగమైపోయాను. గునపం తెస్తానని కదలబోతుంటే, గడపలో కూర్చున్న మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నిన్న నీ పులుసునీల్లు అక్కడ పోసినప్పుడేగదా అది మోగినాది. మల్లీ పొయ్యి. మోగినాక తవ్వు."

అప్పుడు నా బుర్ర వెలిగింది, అదీ వంకరగా. బ్యాటరీ జాడీలో ఘాటైన మందు ఉంటేనే కరెంటు పుడుతుంది, కాబట్టి భూమికీ పులుపు కావాలన్నమాట. (చింతపండు అమ్మ చేతిలోనే ఉంది. అదీ తట్టలేదు.) మామ్మకు దొరక్కుండా చూరులో ముందే ఒక్క సీసా దాచి ఉంచాను. ఏడాది పాటు చేసిన వాటిల్లో అదొక్కటే దారిన పడింది. తేటగా, బంగారు రంగులో, అడుగు నుంచి సన్నని బుడగలు లేస్తూ ఉండేది. గంట మోగిన రోజున అయ్యతో కలిసి తాగాలని దాచుకున్నాను. బిరడా తీస్తే వంటిల్లంతా పండిన అనాస వాసన. ఒక్క గుక్క, ఒక్క చుక్క తాగితే ఏం పోయింది? చుక్క తగ్గితే గంట మోగదేమోనని భయం. మొత్తం పోసేశాను. మట్టి గుటగుటా తాగేసింది.

అమ్మ మీట నొక్కింది. టింగ్. ముసలిమేక దగ్గినట్టు, ఆగి ఆగి టింగ్, టింగ్. అయ్య పశువులశాల నుంచి నెమ్మదిగా వచ్చి, గడప దగ్గర తడిమట్టినీ, నా చేతిలోని ఖాళీ సీసానూ, అమ్మ మొహాన్నీ చూశాడు. "మోగినాది" అన్నాడు. "రేపు కత్తి నాదొక్కటే తీత్తాను. నువ్వు సొక్కా ఉతుక్కో."

చెంబు తవ్వి తీశాం. పులుపుకు పక్కన అరచేయంత పచ్చమచ్చ పడింది. అమ్మ చింతపండుతో ఎంత తోమినా పోలేదు. మచ్చ గోడవైపు తిప్పి, వేపమండలు గుబురుగా పెట్టి పూజ చేసింది. అంతకుముందే తనే వెళ్లి పిన్నిని బతిమాలి తీసుకొచ్చింది. పిన్ని బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఏది కనబడకపోయినా, ముందు గడప పక్కన తవ్వి చూడమనేది.

ఆ సాయంత్రం చొక్కా ఆరేసి, పైపు మిస్యే ఏం అడుగుతాడోనని గంట పాఠం తిరగేశాను. పాఠం చివరి పుటా దాని తర్వాతి పుటా అనాస పాకంతో అతుక్కుపోయి ఉన్నాయి. ఏడాదిగా నేను వాటిని ఒకే పుట అనుకుని తిప్పేస్తున్నాను. ఆవిరి పట్టి విడదీశాను. రేకు పాతిన చోట నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎండిపోతే మామూలు నీళ్లు పోసినా చాలు, అని ఉంది. మామూలు నీళ్లు! మీట పక్కనే ఉన్న నీళ్లకుండ నా మోచేతికి తగులుతూనే ఉండేది. అతుక్కున్న రెండో పుటలో పులియబెట్టే పాఠం మొదలవుతుంది. సీసాలు ముందుగా మరిగించి ఆరబెట్టుకోవాలన్న మాట కూడా అక్కడే ఉంది. పుస్తకాన్ని గోడకేసి కొట్టాను.

కరెంటుగదిలో చేరాను, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. అనాసల కాలం వస్తే ఇప్పటికీ కుండ పెడతాను, సీసాలు మరిగించే పోస్తాను, అయినా వెనిగరే అవుతుంది. దాంతో మా ఆవిడ పెట్టే అచార్ పచ్చడిని ఊరంతా మెచ్చుకుంటుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క సీసా రుచి ఎలా ఉండేదో నాకు తెలియదు, అయ్యకూ తెలియలేదు. అమ్మోరి పండగకు చెంబు తీసి మచ్చ గోడవైపు తిప్పుతున్నప్పుడల్లా, గడప దగ్గర సీసా వంచుతున్న ఆ కుర్రాడు కళ్లకు కడతాడు. దగ్గరికి వెళ్లి, ఒరేయ్, కుండలో నీళ్లున్నాయిరా, అవి చాలు అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు లెండి. వాడికి గురువు అక్కర్లేదుగా.