తాడుకు అవతలి చివర

హెలికాప్టర్ మమ్మల్ని దించి వెళ్ళేసరికి పగలు పదకొండున్నర. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద. సరిహద్దు పోస్టంటే మీరనుకునేంత ఏమీ లేదు. ఫైబర్ బంకర్ ఒకటి, నలభై అడుగుల అవతల మంచు తవ్వి చేసిన మోర్చా, అంటే కాపలా గుంట, ఒకటి, ఇద్దరం మనుషులం. మాది దర్శి పక్కన మిరప పండించే ఊరు. నా జోడీది మార్టూరు, సైన్యంలోకి రాకముందు గ్రానైట్ పాలిష్ పట్టినవాడు. ఇద్దరు తెలుగువాళ్ళం ఒకే పోస్టులో పడటం అదృష్టమని అందరూ అన్నారు. వాడి గురక వినలేదు కాబట్టి అన్నారు.

మంచు తుఫాను లేస్తే చాచిన చెయ్యి కనబడదు. అందుకని మోర్చాకు వెళ్ళేవాడు నడుముకు తాడు కట్టుకోవాలి. రెండో చివర బంకర్‌లో ఉన్నవాడి చేతిలో ఉండాలి. చేరాక వెళ్ళినవాడు రెండుసార్లు లాగాలి, బంకర్‌లో ఉన్నవాడు తిరిగి రెండుసార్లు లాగాలి. ఉన్నాను అని అర్థం.

పన్నెండో రోజు నా జోడీకి తలనొప్పి, వాంతులు. మబ్బు విడిన పావుగంటలో హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది.

“రేపు ఇంకొకణ్ణి పంపుతార్లే. మీ ఇంటి పండుమిరప పచ్చడంతా నువ్వే నాకెయ్యొద్దురా,” అన్నాడు పోతూ.

ఆ రేపు మూడు రోజులకు గానీ రాలేదు. తుఫాను కమ్ముకుంది.

మొదటి రోజు, నిజం చెప్పాలంటే, హాయిగా ఉంది. స్టవ్ మీద మంచు కరిగించి టీ పెట్టుకున్నాను. చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న కీర్తన గొంతెత్తి పాడాను. తాడు రెండో చివర బంకర్ తలుపు కమ్మీకి కట్టి డ్యూటీకి వెళ్ళొచ్చాను.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి మోర్చా చేరి, అలవాటుకొద్దీ రెండుసార్లు లాగాను. తాడు తిరిగి లాగింది. రెండుసార్లు.

గాలి అనుకున్నాను. గంట తర్వాత మళ్ళీ లాగాను. మళ్ళీ రెండు. బంకర్‌కు తిరిగొచ్చి చూస్తే కమ్మీకి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. భయపడాల్సింది, పడలేదు. ఆ పూట రెండు మగ్గుల్లో టీ పోశాను.

ఆరింటికి రేడియోలో కింది బేస్ నుంచి ఆపరేటర్, పెద్దాయన, అడిగాడు. “ఎలా ఉంది?”

“మేం బాగానే ఉన్నాం సార్.”

కాసేపు గరగర.

“మేం అంటే ఎవరెవరు?”

నేను రెండో మగ్గు వైపు చూశాను.

“రేపు ఆరింటికి పలుకు. నువ్వు పలికేదాకా పిలుస్తూనే ఉంటాను,” అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఐదున్నరకు మోర్చాలోంచి లాగాను. గాలి అంతే ఉంది, తాడు మాత్రం ఊరకే ఉంది. మళ్ళీ లాగాను. ఐదుసార్లు, ఆరుసార్లు. అప్పుడు పట్టుకుంది భయం. మనిషి లేని చోట ఉండటం ఏకాంతం, అది నాకు మిరపచేలో కాపలా పడుకున్న రోజుల నుంచీ అలవాటే. లాగితే తిరిగి లాగేవాళ్ళు లేరని తెలియడం ఒంటరితనం. అవతల ఎవరూ లేనప్పుడు ఈ తాడు దేనికనిపించింది. చూసుకుంటే నా చేతులు నడుము దగ్గర ముడి విప్పుతున్నాయి. సగం విప్పేశాయి కూడా. నాలుగడుగుల అవతల లోయ ఉంది.

ఆరింటికి పలకాలి కదా అని గుర్తొచ్చింది. పలక్కపోతే ఆ పెద్దాయన పిలుస్తూనే ఉంటాడు, పాపం. ముడి బిగించుకుని, తాడు పట్టుకుని పాకుతూ బంకర్‌కు వచ్చాను. రేడియోలో పెద్దాయన అప్పటికే పేరు పెట్టి పిలుస్తున్నాడు.

“ఒక్కణ్ణే ఉన్నాను సార్,” అని ఏడ్చేశాను. మర్నాడు పొద్దున ఆకాశం తెరిపిచ్చింది, మనిషి వచ్చాడు.

ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. మార్టూరు వాడు కులాసాగానే ఉన్నాడు, పచ్చడి సంగతి ఇంకా ఎత్తిపొడుస్తాడు. మొన్న కల్లంలో కాయలు ఆరబోసి ఉండగా మబ్బు పట్టింది. నేనూ మా ఆవిడా కాయలు రాశి చేసి టార్పాలిన్ పట్టా కప్పుతున్నాం. తను అవతల వైపు ఉంది, కనబడదు. పట్టా కట్టే తాడు అటు విసిరాను. నా చెయ్యి దానంతటదే రెండుసార్లు లాగింది.

అటునుంచి ఏమీ లేదు. కళ్ళ ముందు ఎర్రటి కాయలు పోయి, తెల్లటి గాలిలోకి వెళ్ళి కనబడకుండా పోయిన ఆ తాడే మిగిలింది.

“ఏందయ్యా ఆ లాగుడు? ముడేస్తన్నా, కాస్త ఆగు,” అంది మా ఆవిడ.

అప్పుడు చూసుకున్నాను. నా ఎడమచెయ్యి నడుము దగ్గర లేని ముడి విప్పుతోంది.