పాల కోపీతో మింగిన థైరాయిడ్ మాత్ర

మా పేట టోవా పాయోలో మార్కెట్ నుంచి మా ఫ్లాట్‌కు పది నిమిషాల నడక. ఆ రోజు దారిలో మూడుసార్లు కూర్చున్నాను. చేతిలో ఉన్నది రెండు కట్టల తోటకూర, అంతే. కాళ్లు నీళ్లు పట్టిన గోనెసంచుల్లా ఉన్నాయి. అద్దంలో మొహం ఉబ్బి ఎవరిదోలా కనబడింది. షుగరు పాతదే కదా, దాని పనే అనుకున్నాను.

మా అమ్మాయి సరళ తనుండే క్లెమెంటి నుంచి వచ్చి పాలీక్లినిక్‌కు తీసుకుపోయింది. రక్తం తీశారు. మూడు నెలల షుగరు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పెరిగింది. టీఎస్‌హెచ్ ఇంకా పెరిగింది, అంటే థైరాయిడ్ మందగించిందట. గుండె మీద భారం చెప్పే బీఎన్‌పీ కూడా ఎక్కువే. ఆసుపత్రిలో ఎకో తీశారు. డాక్టరు చెప్పింది సరళ తెలుగులో చెప్పింది: "గుండె పంపింగ్ తగ్గిందంట. మూడు జబ్బులూ ఒకదాన్నొకటి లాగుతాయంట. థైరాయిడ్ మాత్ర చిన్న డోసుతో మొదలుపెడతారు, గుండె జబ్బు ఉంది కాబట్టి."

బయటికి రాగానే, "ఇంక ఆ ఫ్లాట్‌లో ఒక్కదానివే వద్దమ్మా. మా ఇంటికొచ్చెయ్," అంది.

"చచ్చినాక తీసుకుపో," అన్నాను.

ఆ ఇల్లు వదలలేకపోవడానికి కారణం మా ఆయన. ఓడల యార్డులో వెల్డింగ్ చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసేవారు, అంటే మాదని పట్టి ఉంచేవారు. పాలు పోసి చక్కెర వేయని కోపీ, అదే ఇక్కడి కాఫీ, రెండు కప్పులు. ఇద్దరికీ మందులొచ్చాక ఒక ఖాళీ సాసర్ అడిగి, ఇద్దరి మాత్రలూ అందులో పోసేవారు. "ఎవరు ముందో చూద్దామా?" అని అన్నీ ఒక్క గుక్కలో మింగేవారు. ఆ ముసలి పందెంలో నేనెప్పుడూ గెలవలేదు. ఆయన పోయి నాలుగేళ్లు. అయినా అదే బల్ల, అదే కోపీ.

కొత్త థైరాయిడ్ మాత్ర కూడా ఆ సాసర్లోకే వెళ్లింది. మందులిచ్చే అమ్మాయి ఏదో చెప్పింది, "యెస్, యెస్" అన్నాను. డబ్బా మీద ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి. ఇంగ్లీషు చదవలేనని అక్కడ చెప్పడానికి సిగ్గుపడ్డాను.

రెండు నెలలకు టీఎస్‌హెచ్ దిగలేదు. డోసు పెంచారు. మళ్లీ దిగలేదు, మళ్లీ పెంచారు. "రోజూ వేసుకుంటున్నారా ఆంటీ?" "యెస్ డాక్టర్." అబద్ధం కాదు కదా.

అంతలో బాత్‌రూంలో జారి మోకాలు వాచింది. సరళ ఇంట్లో రెండు నెలలున్నాను. అక్కడ పొద్దున లేవగానే ఆ ఒక్క మాత్ర, గ్లాసుడు నీళ్లు.

"కోపీ ఏదే?"

"డబ్బా మీద రాసుంది కదమ్మా, పరగడుపున అని. గంట దాకా ఏమీ లేదు."

"నిన్ను నేను కన్నానా, నన్ను నువ్వు కన్నావా?"

"ఇప్పటికి నేనే అనుకో. మింగు."

రెండో నెలలో గుండె దడ మొదలైంది. చేతులు వణికి గ్లాసు జారిపోయేది. ఆసుపత్రికి పరిగెత్తాం. ట్రోపోనిన్ రెండుసార్లు చూసి హార్ట్ అటాక్ కాదన్నారు. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పిందన్నారు. టీఎస్‌హెచ్ అట్టడుక్కి పోయింది, అంటే మందు ఎక్కువైనట్టేనట. సరళ ఏడుస్తూ, "ఇంక ఆ ఇల్లు మర్చిపో అమ్మా," అంది.

డాక్టరు పాత రిపోర్టులన్నీ ముందేసుకున్నాడు. "ఈ రెండు నెలల్లో డోసు మారలేదు. రక్తం ఎందుకు మారింది? మీ ఇంట్లో మాత్ర దేంతో వేసుకునేవారు ఆంటీ?"

అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సిగ్గు చంపుకుని చెప్పాను: బీపీది, షుగరుది, కాల్షియం, థైరాయిడ్, అన్నీ కలిపి పాల కోపీతో.

డాక్టరు నవ్వలేదు. కోపీ, కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వవట. పట్టడం లేదని వాళ్లు పెంచుకుంటూ పోయారు. క్లెమెంటిలో ఆ పెద్ద డోసంతా ఒంటికి పట్టేసరికి గుండె తట్టుకోలేకపోయింది.

"తప్పు నాదేనా?"

"అడగకపోవడం మా తప్పు కూడా."

డోసు తగ్గించారు. గుండెకు వేరే మందులిచ్చారు. కొన్ని నెలలకు టీఎస్‌హెచ్ దారికొచ్చింది, దడ పోయింది, బీఎన్‌పీ దిగింది. హెచ్‌బీఏవన్‌సీ మాత్రం ఇంకా మొండికేస్తోంది. "సరే, నీ ఇంటికి వెళ్లు. పొద్దున్నే ఫోన్ చేస్తా, ఎత్తకపోతే తలుపు పగలగొట్టిస్తా," అంది సరళ.

ఇప్పుడు నా ఇంట్లోనే ఉంటున్నాను. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, నీళ్లు. కాల్షియం మధ్యాహ్నం. మాత్రకీ కోపీకీ మధ్య ఆ గంట చాలా పొడుగ్గా ఉంటుంది. మా ఆయన ఉంటే తనూ తాగకుండా నాతోపాటే కూర్చునేవారు, గడియారాన్ని తిడుతూ.

నాలాంటి పెద్దవాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు అడిగితే "వేసుకుంటున్నా" అని ఊరుకోకండి. ఎన్నింటికి, దేంతో, ఏ మాత్రతో కలిపి వేసుకుంటున్నారో చెప్పండి. చదవడం రాకపోతే రాదనండి. మందు పట్టిందో లేదో రక్తం చెబుతుంది. ఎలా మింగామో మన నోరే చెప్పాలి.