వంతు రోజున నీటి విమానం

రైళ్ళ ఊళ్ళో పుట్టి విమానాల పిచ్చి తగిలించుకున్నవాణ్ణి నేను. బిట్రగుంట రైల్వే కాలనీలో మా నాన్న గార్డు. తోటి పిల్లలు కూత విని ఏ బండి వస్తోందో చెప్పేస్తుంటే, నేను మెడ పట్టేసేదాకా ఆకాశం వైపు చూసేవాణ్ణి. ఇప్పుడు కావలిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళూ ఓణీల ఫంక్షన్లూ కడుపు నింపుతాయి. కాస్త తీరిక దొరికితే చెన్నై వెళ్ళి, విమానాశ్రయం పక్కన గుట్టెక్కి, దిగే విమానాలను ఫొటోలు తీసుకుంటాను. "పెళ్ళికూతురు నవ్వమంటే నవ్వుతుంది. ఆ ఇనప ముక్క నవ్వుతుందా?" అంటుంది మా ఆవిడ.

మాలాంటి పిచ్చివాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పోయిన చలికాలం అందులో ఒక కబురు వచ్చింది. పులికాట్ సరస్సులో ఒక చిన్న దీవి దగ్గర, నీళ్ళ మీద దిగే విమానాన్ని రెండు రోజులపాటు నడిపి చూస్తారట. మొదటి రోజు గాలి బాగాలేక విమానం రాలేదు. రెండో రోజు తప్పకుండా వస్తుందన్నారు. గ్రూపులో ఎవరూ కదిలేలా కనిపించలేదు. అందరికంటే ముందు నా ఫొటో అందులో పడాలి, చూసినవాళ్ళు కుళ్ళుకోవాలి. ఈ ప్రయాణానికి అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

తెల్లవారుజామున కావలిలో ప్యాసింజరు ఎక్కాను. రిజర్వేషన్ అక్కర్లేదు, ఆ వేళప్పుడు కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. నెల్లూరులో ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలు కొన్నాను. చట్నీ బాగుంది, ఇడ్లీలు మాత్రం నిన్నటివేమోనని అనుమానం. అక్కడే ఎదురు సీట్లోకి ఒక పెద్దాయన రెండు బస్తాలతో వచ్చి కూర్చున్నాడు. పేరు కరీం భాయ్. వలలు అల్లే నైలాన్ దారం సరస్సు పక్క ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్ముతాడట.

నేను ఊరుకుంటానా? ఫోన్ తీసి నా విమానాలన్నీ చూపించడం మొదలుపెట్టాను. ఆయన మర్యాదకు నాలుగైదు చూసి, తన వ్యాపారం సంగతి ఎత్తుకున్నాడు.

"అక్కడ ఎవురు పడితే వాళ్ళు వల కట్టేదానికి లేదు సార్. కాలవలు సరస్సులో కలిసే కాడ, రొయ్య బాగా పడే మొగలుండాయి. ఊరంతా కూర్చోని చీటీలేసి, ఇంటికో వంతు పెట్టుకుంటారు. మీ వంతు రోజు మీరు రాలేదనుకో, పక్కింటోళ్ళు కడతారు. మళ్ళా ఊరంతా తిరిగి మీ కాడికొచ్చేదాకా కాచుకోవాల్సిందే."

"ఓహో" అంటూ ఇంకో ఫొటో చూపించాను. ఆయన మాట నా చెవిన పడింది. పడలేదని బుకాయించే వీలు లేకుండా పడింది.

సూళ్ళూరుపేటలో దిగేసరికి ఎండ ఎక్కింది. చిట్టమూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు నాయుడుపేటలో బస్సు మారితే సరిపోతుంది. నేను స్టేషను బయట షేర్ ఆటో ఎక్కి సరస్సు రేవుకు చేరాను. ఆటోలో ఐదుగురం, ఒక ఐసు పెట్టె, నా కెమెరా సంచి. ఐసు కరిగి సంచి తడుస్తుందని దారి పొడుగునా గింజుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ చివరికి "సంచిని ఒళ్ళో పెట్టుకో నాయనా, బిడ్డ మాదిరి" అంది. అందరూ నవ్వారు. ఒళ్ళోనే పెట్టుకున్నాను.

రేవులో పడవలన్నీ వేటకు పోయాయి. ఒక్కటే మిగిలింది. దాని యజమాని ఆర్ముగం, నలభై దాటిన సన్నటి మనిషి, వల సర్దుకుంటున్నాడు. చీర మీద భర్త నీలం చొక్కా తొడుక్కున్న కస్తూరమ్మ, ఆయన భార్య, వలకొస పట్టుకుని నిలబడి ఉంది. దీవికి తీసుకెళ్ళమని అడిగాను.

"ఇయ్యాల కుదరదన్నా, మా వంతు" అన్నాడు ఆర్ముగం. "పోటు దిగేలోపల మొగ కాడ వల కట్టాల. ఇద్దరుంటే గానీ గుంజలు దిగవు."

బతిమాలాను. ఎక్కడి నుంచి వచ్చానో, ఎన్నాళ్ళ కోరికో చెప్పుకున్నాను. పది, పదిన్నరకల్లా విమానం వచ్చేస్తుందనీ, రెండు ఫొటోలు తీసుకుని వెంటనే తిరిగి వచ్చేద్దామనీ అన్నాను. ఆర్ముగం మెత్తబడ్డాడు. కస్తూరమ్మ మెత్తబడలేదు.

"పన్నెండుకల్లా ఈయన్ని మొగ కాడ దించాల. దించతావా అన్నా?"

"నాది పూచీ అమ్మా" అన్నాను. రోజూ ఎంతోమందికి 'ఆల్బమ్ ఎల్లుండి ఇస్తా' అని చెప్పే నోరే అది.

పడవ సాగుతుంటే ఆర్ముగం ఆ రేవు కట్టుబాటు ఒకటి చెప్పాడు. ఎవరు ఎక్కించుకుంటే వాళ్ళే మనిషిని ఒడ్డుకు చేర్చాలట. దీవిలో వదిలేసి, ఇంకో పడవ వస్తుందిలే అని వెళ్ళిపోకూడదు. ఒకప్పుడు అట్లా వదిలేసిన మనిషి నడిచి దాటబోయి మునిగిపోయాడట. "అప్పటి నుంచి, ఎక్కించుకున్నోడే దించాల. అంతే" అన్నాడు.

దీవి దగ్గరి విమానాశ్రయాన్ని చూస్తే నవ్వొస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ముల మీద తేలే చెక్క వేదిక, ఒక షామియానా, గాలి ఎటు వీస్తోందో చూపించే నారింజ రంగు గుడ్డ గొట్టం, ఇద్దరు కాపలా మనుషులు. గట్టు మీద నుంచి ఎవరైనా చూడొచ్చు, ఫొటోలూ తీసుకోవచ్చు, వేదిక ఎక్కకూడదంతే. తాగే నీళ్ళు దొరకవు, మనమే తీసుకెళ్ళాలి. ఎండ వీపు వైపు ఉండేలా, నీళ్ళ అంచున చోటు చూసుకుని కెమెరా నిలబెట్టాను.

పదిన్నర అయింది. విమానం లేదు. పదకొండున్నర అయింది. కాపలా మనిషిని అడిగితే "మాకూ తెలీదు సార్, వస్తే వచ్చినట్టు" అన్నాడు. ఆర్ముగం పడవలో కూర్చుని నీళ్ళనే చూస్తున్నాడు. కొంతసేపటికి దిగి వచ్చాడు.

"పోదామాన్నా? పోటు నీళ్ళు నిలబడినాయి. ఇంక తిరగతాయి."

అప్పుడు చేశాను ఆ పని. ఫోన్ జేబులోంచి తీసి, చూసినట్టు నటించి, "ఇదిగో, ఇప్పుడే గ్రూపులో వచ్చింది. విమానం బయల్దేరిందట. పది నిమిషాల్లో ఇక్కడుంటుంది" అన్నాను. ఫోన్లో ఏ మెసేజీ రాలేదు. దీవి ఎక్కినప్పటి నుంచి సిగ్నల్ గీత ఒక్కటీ లేదు.

ఆర్ముగం నా ముఖం వైపు ఒక్క క్షణం చూశాడు. "సరే అన్నా" అని వెళ్ళి పడవలో కూర్చున్నాడు.

పది నిమిషాలు కాదు, చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను వెనక్కి తిరిగి పడవ వైపు చూడలేదు. చూస్తే లేవాల్సి వస్తుందని తెలుసు. చివరికి దక్షిణం నుంచి చిన్న చప్పుడు, తర్వాత తెల్లటి చుక్క. విమానం వంగి, కిందికి వచ్చి, పొట్ట నీళ్ళకు తాకించింది. నీళ్ళు రెండు పక్కలా లేచాయి. నా వేలు ఆగలేదు. అబద్ధం ఎందుకు, ఆ కాసేపూ నాకు వంతూ గుర్తు లేదు, పూచీ గుర్తు లేదు. చిన్నపిల్లాడిలా అరిచాను కూడా.

తిరుగు దారిలో పడవ మొగ దగ్గరికి వచ్చేసరికి అక్కడ వేరేవాళ్ళ వల కట్టి ఉంది. కస్తూరమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది, భుజం మీద వల అలాగే ఉంది. పక్కింటివాళ్ళు చాలాసేపు ఆగారట. నీళ్ళు తిరిగాక ఇంక ఎవరూ ఆగరు.

ఆమె భర్తను అడిగింది: "ఏమయినాది?"

"అన్న తప్పేం లేదు మే" అన్నాడు ఆర్ముగం. "విమానం బయల్దేరిందని ఫోన్లో వచ్చినాది. అది ఆలీసం చేస్తే అన్నేం చేస్తాడు?"

"ఫోన్లోనా?" అంది కస్తూరమ్మ. భర్తను చూసింది, నన్ను చూసింది. వల తెచ్చి పడవలో వేసి, నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డు వైపు వెళ్ళిపోయింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రేవులో దిగాక కిరాయి ఇచ్చాను. ఇంకొంచెం చేతిలో పెట్టబోతే ఆర్ముగం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడిక ఉండలేకపోయాను.

"ఆర్ముగం, ఫోన్లో ఏమీ రాలేదు. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసన్నా" అన్నాడు, నా సంచి అందిస్తూ. "ఆ దీవిలో సిగ్నల్ రాదు. మా ఆడదానికి గూడా తెలుసు."

"మరి అప్పుడే అనలేదేం?"

"ఎట్టనేదన్నా? పెద్దోళ్ళు, మొకం మీదనే అబద్ధమని ఎట్టా అనేది? ఇడిసిపెట్టి వచ్చేదానికీ లేదు. నేనే గదా ఎక్కించుకునింది." సంచి మీద పడిన నీళ్ళను తువ్వాలుతో తుడిచి, పడవ వైపు తిరిగాడు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం తినగలిగేవాణ్ణి.

సాయంత్రం సూళ్ళూరుపేటలో రైలెక్కాను. బండి ఖాళీగానే ఉంది. గూడూరు దాటాక కెమెరా తెరిచి ఫొటోలు చూసుకున్నాను. నేను కోరుకున్నది వచ్చింది. విమానం పొట్ట నీళ్ళకు తాకీ తాకనట్టుంది, చుక్కలు గాలిలో నిలబడ్డాయి. ఇన్నేళ్ళలో అంత మంచి ఫొటో నేను తీయలేదు. విమానం తోక వెనకాల, దూరంగా, మొగ దగ్గర నీళ్ళలో ఒక మనిషి ఉంది. నీలం చొక్కా, భుజం మీద వల. దీవి వైపే చూస్తోంది.

పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి తొంగి చూసింది. "భలే ఉందంకుల్! ఈ మూల ఎవరు?"

"ఎవరోనమ్మా, తెలీదు" అన్నాను. ఒకే రోజున రెండో అబద్ధం.

ఆ ఫొటో గ్రూపులో పెట్టలేదు. ఆ మనిషిని చెరిపేయడం నాకు రెండు నిమిషాల పని, పెళ్ళి ఫొటోల్లో రోజూ చేసేదే. చెయ్యలేకపోయాను. చెరపకుండా నలుగురికి చూపించే ముఖమూ లేదు.

ఆ విమానం మళ్ళీ వస్తుందంటున్నారు. వెళ్ళాలనుకునేవాళ్ళ కోసమే దారి వివరంగా రాశాను. దీవి పేరు మాత్రం కావాలనే వదిలేశాను, రేవులో అడిగితే చెబుతారు. పేరు అడిగే ముందు, ఆ రోజు వంతు ఎవరిదో అడగండి. వంతున్న ఇంటి పడవ ఎక్కకండి. గొడుగు, తాగే నీళ్ళు తీసుకెళ్ళండి. ఇంకొకటి, అక్కడ ఫోన్ సిగ్నల్ రాదు. ఆ సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.