తల్లిని చూసే కొన్నానండి!

నెల రోజులుగా పశువుల ఆసుపత్రి ఉన్న వీధి మానేసి, పక్క సందులోంచి తిరిగి కాలేజీకి వెళ్తున్నానండి. ఎందుకో చెప్తే నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. అక్కడి కాంపౌండరు గారు ఎలాగూ నవ్వేశారు.

నేను మండపేటలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. మా అమ్మాయి హాసిని ఎనిమిదో క్లాసు. దానికి ఎప్పట్నుంచో లాబ్రడార్ పిచ్చి. నేనేమో పెద్ద ఆదర్శం: "కుక్కల్ని కొనకూడదు, వీధి కుక్కపిల్లని తెచ్చి పెంచుకుందాం" అని. ఏడాది గట్టిగానే నిలబడ్డాను. తర్వాత అది మూడ్రోజులు నాతో మాట్లాడ్డం మానేసింది. నా ఆదర్శం కాస్త సర్దుకుంది.

"సరే, కొందాం. కానీ తల్లిని చూపించని వాళ్ళ దగ్గర కొనేది లేదు. తల్లి ఆరోగ్యంగా ఉందో లేదో నేనే స్వయంగా చూస్తా" అన్నాను.

మా వారు పేపర్లోంచి తలెత్తకుండా, "నువ్వు జువాలజీ కదా, నువ్వే చూడు" అన్నారు. ఆయన మాటల్లో వెటకారం ఉందో లేదో పెళ్ళయిన పదహారేళ్ళకీ నాకు తెలీదు.

ఫోన్లో ఓ ప్రకటన దొరికింది. కాకినాడ అవతల. ఆదివారం ముగ్గురం వెళ్ళాం. అమ్మేవాడి పేరు బుజ్జిబాబు. గేటు దగ్గరే కుర్చీలు వేసి, కూల్ డ్రింకులిచ్చి, అట్టపెట్టెలోంచి ఓ కుక్కపిల్లని తీసి తిన్నగా హాసిని ఒళ్ళో పెట్టేశాడు. "యాభై రోజులండి. వ్యాక్సిన్లన్నీ అయిపోయాయండి."

"తల్లిని చూడాలండి."

"లోపలుందండి. కొత్తవాళ్ళని చూస్తే కంగారు పడుద్దండి."

"చూడకుండా తీసుకోమండి." క్లాసులో వాడే గొంతు వాడాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి లోపలికెళ్ళాడు. ఐదు నిమిషాల్లో ఓ లాబ్రడార్‌ని తెచ్చాడు. అబ్బ, ఎంత బాగుందనుకున్నారు! నిగనిగలాడే బొచ్చు, మెడకి గులాబీ రంగు రిబ్బను. వచ్చి బుద్ధిగా నా కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"తల్లేనా అండీ?"

"ఆయ్, తల్లేనండి!"

పెట్టెలో మిగతా పిల్లలు దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అదీ గమనించాను. వెనక రేకుల షెడ్డులోంచి ఏవేవో మూలుగులు. అవీ విన్నాను. ఏదో తేడాగా ఉందే అనిపించింది కూడా. కానీ అప్పటికే ఆ పిల్ల హాసిని చున్నీ కొస నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. నేను ఆ 'తల్లి' తల నిమిరి, "ఎంత శాంతమో చూడండి, పిల్లలకీ ఇదే గుణం వస్తుంది" అని మా వారికి పాఠం చెప్పి, పక్కన నిలబెట్టుకుని ఫోటోలు కూడా దిగాను.

రెండో రోజు నుంచీ పిల్లకి విరేచనాలు. తిండి ముట్టదు. ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు గారు దాని నోరు తెరిచి చూశారు.

"యాభై రోజులెక్కడండీ, నెల కూడా నిండలేదు. ఇంకా తల్లి పాలు తాగాలి. పొట్ట నిండా నులిపురుగులు. అసలు తల్లిని చూశారా మీరు?"

"చూశానండి!" ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబుంది. గర్వంగా ఫోన్ తీసి ఇచ్చాను.

ఆయన ఫోటో పెద్దది చేశారు. కళ్ళజోడు సర్దుకుని ఇంకా పెద్దది చేశారు.

"మేడమ్, మీరు ఏం సబ్జెక్టు చెప్తారండీ?"

"జువాలజీ అండి."

"ఇది మగ కుక్కండి."

కాంపౌండరు గారు సిరంజి పట్టుకుని గోడ వైపు తిరిగిపోయారు. భుజాలు ఊగుతున్నాయి. మా వారు నవ్వలేదు. ఆయన ఇలాంటివి దాచుకుని, చుట్టాలొచ్చినప్పుడు నవ్వుతారు.

వారం రోజులు గంటగంటకీ సిరంజితో పాలు పట్టాం. బతికింది. అది మొదటిసారి తోక ఊపిన రోజు హాసిని అడిగింది, "అమ్మా, మరి దీని అమ్మ ఎక్కడుంది?"

మళ్ళీ కాకినాడ వెళ్ళాం. ఈసారి కుర్చీల దగ్గర ఆగలేదు. "మీరు చూపించింది మగ కుక్క" అన్నా బుజ్జిబాబు తడబడలేదు. "అది తండ్రండి. తండ్రి మాత్రం పేరెంటు కాదాండీ!"

షెడ్డులో ఇనుప బోన్లు. మూడో దాంట్లో ఉంది అసలు తల్లి. ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. లేవలేదు, మొరగలేదు. నన్ను చూసి తోక ఒక్కసారి కదిపింది, అంతే. దీన్ని నాకిచ్చెయ్యండి అన్నాను.

"కుదరదండి. మళ్ళీ క్రాసింగ్‌కి పెట్టాలండి," అన్నాడు మామూలుగా. "మీలాంటోళ్ళు కొంటున్నారనే కదండీ ఇవన్నీ."

బయటికొచ్చి జంతు సంక్షేమం వాళ్ళకి ఫోన్ చేశాను. వాళ్ళు పోలీసులతో వెళ్ళి షెడ్డు ఖాళీ చేయించారు. తల్లి వాళ్ళ దగ్గరే కోలుకుంటోంది. నడుస్తోందట. బాగయ్యాక మాకే ఇస్తామన్నారు.

నిన్న వాంగ్మూలం కోసం నన్ను పోలీస్ స్టేషన్‌కి పిలిచారు. ఆఫీసరు గారు పెన్ను తీశారు.

"అక్కడ ఏదో తేడాగా ఉందని మీకు అనుమానం రాలేదాండీ?"

"వచ్చిందండి."

"మరెందుకు కొన్నారు?"

మర్యాదగా చెప్పుకోగలిగిన కారణం ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"ముద్దుగా ఉందండి."

ఆయన తలెత్తకుండా రాసుకుని, కాగితం నా వైపు తిప్పారు. చదివాను. "అనుమానము కలిగిననూ, పిల్ల మిక్కిలి ముద్దుగా యున్నందున కొనియున్నాను."

సంతకం పెట్టేశాను. పెట్టక ఏం చేస్తానండీ, ఒక్క అక్షరం కూడా తప్పు లేదు!